లోపలి తాళంచెవి

విద్యార్థినుల తాత్కాలిక వసతి,
జూన్ 28

నాన్నా,

క్షేమంగా చేరాను. నువ్వు చెప్పినట్టే రైల్లో పెట్టెని గొలుసుతో సీటు కాలికి కట్టేసి పడుకున్నాను. దిగేటప్పుడు ఆ తాళం ఓ పట్టాన రాలేదు. నా వెనకాల పదిమంది ఆగిపోయి తిట్టుకున్నారు. తాళాలాయన కూతురు అనిపించుకున్నాను, చాలా?

ఇక అసలు సంగతి. మొదటి సంవత్సరం ఆడపిల్లలందరినీ పది రోజుల కోసం ఒక హాల్లో వేశారు. నలభై మంచాలు, ఒక్క తలుపు. ఈ పది రోజుల్లో ఏడాదంతా ఎక్కడ ఉంటామో తేల్చుకుని వసతి ఆఫీసులో ఫారం ఇవ్వాలి. అందులో మూడు గళ్ళున్నాయి. మొదటిది పెద్ద హాస్టలు, గదికి నలుగురు, తరగతులకి దగ్గర. రెండోది పాత హాస్టలు, గదికి ఇద్దరు, కానీ నీళ్ళు కింద నుంచి మోసుకోవాలి. మూడోది బయట అద్దె గది, దానికి తల్లో తండ్రో సంతకం పెట్టాలి. ఒకసారి టిక్కు పెట్టాక ఏడాది దాకా మార్చరట. గుమాస్తా ఆవిడ ఫారం ఇస్తూ అందరికీ ఒకటే మాట చెబుతోంది, "తొందరపడకండమ్మా, పడి ఏడ్వకండి" అని.

రాగానే నా కొత్త చెప్పులు పోయాయి. ఎవరో పక్క మంచాల వాళ్ళే. నీకు చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

పక్క మంచం అమ్మాయి నాలాగే లెక్కల శాఖలో చేరింది. ఎంత పొడుగంటే కాళ్ళు మంచం దాటి జానెడు బయటికి ఉంటాయి. హాలంతా "నిచ్చెన" అంటున్నారు, తనూ పలుకుతోంది. వాళ్ళమ్మ ఆస్పత్రి లాండ్రీలో ఇస్త్రీ చేస్తుందట. చెప్పులు పోయాయని తెలిసి తన రెండో జత ఇచ్చింది. అవి వేసుకుంటే పడవల్లో నడుస్తున్నట్టుంది.

నాకు ఏ గడి నచ్చాలో తెలియడం లేదు. నువ్వు చెప్పు.

నీ అమ్మలు


దుకాణం,
జూలై 1

అమ్మలూ,

చెప్పులు పోతే పోయాయి, పీడా పోయింది. నువ్వు చెప్పకుండా దాచి ఉంటే అప్పుడు కోప్పడేవాణ్ణి. నా దగ్గర ఏదీ దాచకు తల్లీ. ఫోన్లో అడుగుదామంటే నువ్వరిచేది వీధంతా వింటుంది, నాకు తప్ప. ముప్ఫై ఏళ్ళు ఆకురాయి రుద్దిన చెవులు ఇంకెలా ఉంటాయి? అందుకే అన్నీ రాయి.

ఫారం సంగతి. గదికి ఎంతమంది, నీళ్ళెక్కడ అని రాశావు గానీ అసలైంది రాయలేదు. తలుపులకి ఏ తాళం ఉంది? బందులు లోపలివైపా, బయటివైపా? గదుల తాళంచెవులు ఇంకెవరి దగ్గర ఉంటాయి? నువ్వు రాయవని తెలిసి, అక్కడ పనిచేసొచ్చిన మన వడ్రంగిని పట్టుకుని అడిగాను. పెద్ద హాస్టల్లో వార్డెన్ దగ్గర ఒక మాస్టర్ కీ ఉంటుందట, రెండొందల గదులకీ అదొక్కటే. విని నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఒక చెవికి రెండొందల తలుపులు తెరుచుకుంటే అది తాళమా, అలంకారమా? ఆ వార్డెన్ మంచిదే అనుకో. ఆవిడ కొంగున ఉన్నది ఇంకెవరో లాగితే? కంచే చేను మేస్తే ఎవరితో చెప్పుకుంటాం? పాత హాస్టల్లో తాళాలే లేవు, గొళ్ళేలు. గొళ్ళెమంటే మర్యాదస్తులకి పెట్టేది. ఇంటి దొంగని ఈశ్వరుడు కూడా పట్టలేడంటారు, నలభై మందిలో నువ్వేం పడతావు?

మూడో గడి చూడు. సంతకం నేను పెడతాను, తాళమూ నేనే పెడతాను. మీ అమ్మ పోయిన దగ్గర్నుంచి నిన్ను తాళం లేని తలుపు వెనక ఒక్క పూట పడుకోనివ్వలేదు. ఇప్పుడూ పడుకోనివ్వను.

మీ నాన్న


తాత్కాలిక వసతి,
జూలై 4

నాన్నా,

దొరికింది! తరగతులకి పది నిమిషాల నడక. కింద పరుపుల దుకాణం, మధ్యలో ఇంటావిడ, పైన మన గది. కిటికీకి ఇనప ఊచలున్నాయి, నువ్వు కొలుస్తావని నేనే వేళ్ళతో కొలిచాను, మధ్యలోంచి పిల్లి కూడా దూరదు. చెక్క గట్టిది, బందులు లోపలివైపే. చూశావా, నేర్చుకున్నాను.

ఒకటే లోపం. తలుపుకి నిలువునా రెండు అద్దపు పట్టీలున్నాయి, జానెడు వెడల్పు. ఇంటావిడ వాటిని తీయనివ్వదు, ఆ మెట్ల మీదికి వెలుగొచ్చేది వాటిలోంచేనట.

ఇద్దరముంటేనే ఇస్తానంది. అందుకని నిచ్చెనని అడిగాను. తనకి పెద్ద హాస్టల్లో ఇష్టంగానే ఉంది, మొదటి గడిలో టిక్కు కూడా పెట్టేసింది, ఫారం ఇవ్వడమే తరువాయి. "నాకు నలుగురుంటే బావుంటుందే, ఇంట్లో అమ్మా నేనే కదా" అంది. నేను వదల్లేదు. మాస్టర్ కీ సంగతి చెప్పాను, నా చెప్పుల సంగతి గుర్తు చేశాను. మా నాన్న తాళం వేస్తే చీమ కూడా లోపలికి రాలేదని చెప్పాను. రాత్రంతా పోరితే ఒప్పుకుంది. వాళ్ళమ్మ మాత్రం తాళం చూశాకే సంతకం పెడతానందట. అంచేత నువ్వు ఆదివారం రావాలి, ఆవిడా వస్తుంది.

నీ అమ్మలు


దుకాణం,
జూలై 12

అమ్మలూ,

ఇల్లు చేరాను. ఆ రోజు హడావిడిలో చెప్పినవి చెవిన పడ్డాయో లేదోనని మళ్ళీ రాస్తున్నాను. ఇది గోడకి అంటించు.

అద్దమున్న తలుపుకి మామూలు తాళం పనికిరాదు. దొంగ అద్దం పగలగొట్టి చెయ్యి పెట్టి లోపలి పిడి తిప్పేస్తాడు. అందుకే దీనికి లోపల పిడి లేదు. లోపలి నుంచైనా, బయటి నుంచైనా తాళంచెవి పడితేనే తెరుచుకుంటుంది. చెవులు రెండే చేశాను. ఇద్దరూ ఒకే తరగతికి పోయి ఒకేసారి వస్తారు కాబట్టి ఒకటి మీతో తిరుగుతుంది. రెండోది మేకు మీద ఉండేది. ఆ మేకు తలుపుకి రెండు మూరల పై దూరంలో కొట్టాను, అద్దంలోంచి దూర్చిన చెయ్యి అందదు, లోపలున్న వాళ్ళకి రెండడుగులు. ఆ మేకు మీది చెవి గుమ్మం దాటకూడదు. మూడోది ఎందుకు చెయ్యలేదంటే, చెవులు పెరిగే కొద్దీ తాళం చిన్నదవుతుంది. అది బజార్లో కుర్రాళ్ళు మెషిన్ మీద తియ్యగలిగే రకం కూడా కాదు. దాని పళ్ళు నాకూ నా ఆకురాయికీ తప్ప ఎవరికీ తెలియవు.

నిచ్చెన వాళ్ళమ్మ మంచి మనిషి. నేను పని చేస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. రెండోదాన్ని మేకుకి తగిలిస్తుంటే "అన్నయ్యా, నా పిల్ల ఇక్కడ భద్రంగా ఉంటుందా?" అని కాగితం మీద రాసి చూపించింది. నా చేతి పని మీద ఒట్టేసి చెప్పాను చెల్లెమ్మా అన్నాను. సంతకం పెట్టింది.

ఇద్దరూ పోట్లాడుకోకండి. ఆ పిల్ల చాలా సన్నగా ఉంది, నీ వాటా కూడా కాస్త తినిపించు.

మీ నాన్న


పరుపుల దుకాణం పైన,
ఆగస్టు 24

నాన్నా,

ఆలస్యమైంది, తిట్టకు. ఇక్కడ లెక్కలు చెప్పే మేడమ్ బోర్డు మీద ఎడమ చివర మొదలెట్టి కుడి చివరికి వచ్చేసరికి ఎడమది చెరిపేస్తుంది. నిచ్చెన పొడుగు వల్ల వెనక బెంచీ నుంచైనా కనిపిస్తుంది కాబట్టి తను రాస్తుంది, నేను పక్కనుంచి ఎక్కిస్తాను. ఆదివారాలు బట్టలు ఉతుక్కుంటాం. వాళ్ళమ్మ నేర్పిన ఇస్త్రీ చూడాలి నువ్వు, చొక్కా కాలరు కత్తిలా నిలబడుతుంది. నా జుట్టు కూడా ఇస్త్రీ చేస్తానంటుంది.

తనకి అప్పుడప్పుడూ పెద్ద హాస్టలు మీద మనసు పోతుంది. అక్కడ సాయంత్రాలు అందరూ మెట్ల మీద కూర్చుని పాడుకుంటారు. "నీ వల్లే నాకీ ఒంటి బతుకు" అని నన్ను దిండుతో కొడుతుంది. వచ్చే ఏడాది ఇద్దరం అక్కడికి పోదామని ఒట్టు పెట్టించుకుంది. నీకు కోపం రాకూడదు.

తాళం బ్రహ్మాండంగా పనిచేస్తోంది.

నీ అమ్మలు


దుకాణం,
సెప్టెంబరు 3

అమ్మలూ,

కోపమెందుకు? వచ్చే ఏడాది ఆ హాస్టలు తలుపులన్నిటికీ నేనే తాళాలు మార్చేస్తాను, వార్డెన్ నా కాళ్ళ మీద పడాలి.

ఒక పని చెయ్యి. కొత్త తాళం రెండు నెలలు తిరిగాక చెవి పళ్ళు సర్దుకుంటాయి. ఎక్కువ అరిగితే ఒకరోజు మధ్యలో పట్టేస్తుంది. రెండు చెవుల్నీ కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో చుట్టూ గీసి పంపు. తిరిగేదెంత అరిగింది, మేకు మీదిదెంత అరిగిందీ పక్కపక్కన చూస్తాను. పెన్సిల్ సన్నగా చెక్కు.

మీ నాన్న


పరుపుల దుకాణం పైన,
సెప్టెంబరు 12

నాన్నా,

రెండూ గీసి పంపుతున్నాను. ఎడమది తిరిగేది, కుడిది మేకు మీదిది. నాకైతే తేడా ఏమీ కనిపించలేదు. మొదటి పరీక్షలు దగ్గరికొచ్చాయి, అందుకే రెండు ముక్కలే.

నీ అమ్మలు


దుకాణం,
సెప్టెంబరు 19

అమ్మలూ,

అందాయి. చూశాను. బాగున్నాయి.

ఇంకేమైనా రాయాలనిపిస్తే రాయి. పరీక్షలయ్యాక రాసినా సరే. నేనేమీ అనను.

మీ నాన్న


తాత్కాలిక వసతి,
అక్టోబరు 9

నాన్నా,

ఇది నీకు చేరేలోపే వసతి ఆఫీసు వాళ్ళు మన పక్క దుకాణానికి ఫోన్ చేసి చెప్పే ఉంటారు. నేను బాగానే ఉన్నాను. నాకేం కాలేదు.

నిచ్చెన పోయింది నాన్నా.

నిన్న పొద్దున్న పదకొండింటికి కింద పరుపుల దుకాణంలో వైర్లు కాలి దూదికి అంటుకున్నాయి. మంట పైదాకా రాలేదు, పొగ వచ్చింది. మెట్ల సందు పొగగొట్టమైపోయిందన్నారు. తనకి జ్వరం, గదిలో పడుకుని ఉంది. నేను పరీక్షలో ఉన్నాను. తలుపు తెరుచుకోలేదు. ఇంటావిడ బయటికి పరిగెత్తేటప్పుడు విందట, తను నన్ను పేరు పెట్టి పిలుస్తూ ఉందట. వీధిలో వాళ్ళు ముఖాలకి తడిగుడ్డలు కట్టుకుని గునపాలతో ఎక్కారు. ఆ తాళం ఊడటానికి ఇరవై నిమిషాలు పట్టింది. అద్దం లోపలి నుంచి పగిలి ఉంది.

నేను వచ్చేసరికి కింద పడుకోబెట్టారు. పాదాలు దుప్పటి దాటి బయటికున్నాయి.

వాళ్ళమ్మ వస్తోంది. నాకు భయంగా ఉంది. నువ్వు రా.


దుకాణం,
అక్టోబరు 20

అమ్మలూ,

అక్కడ ఉన్న మూడు రోజులూ నువ్వు నోరు విప్పలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు రాస్తున్నది చదివి చింపెయ్యి.

పోలీసులతో కలిసి గది చూశాను. మేకు గోడకే ఉంది. దాని చుట్టూ గోడంతా ఒకే నలుపు. అక్కడ తాళంచెవి వేలాడుతూ ఉంటే దాని వెనక గోడ తెల్లగా మిగలాలి. నేల మీది మసీ గాజుపెంకులూ జల్లెడ పట్టాను. ఇత్తడి పొగకి కరగదు, దొరికి తీరాలి. దొరకలేదు. వాళ్ళకిదేం తెలియదు, వాళ్ళకది ఉత్త మేకు.

విచారణ అధికారి ప్రశ్నలు కాగితం మీద రాసి అడిగాడు. తాళంచెవులు ఎన్ని చేశావు అన్నాడు. ఒక్కటే అన్నాను. లోపలున్నవాళ్ళ కోసం విడిగా ఇవ్వలేదా అన్నాడు. ఇవ్వలేదు, తట్టలేదు అన్నాను. రాసుకున్నాడు, సంతకం పెట్టాను. ఉన్న ఒక్క చెవీ పట్టుకుని పరీక్షకి పోయిన పిల్లది తప్పెలా అవుతుంది? అలాంటి తాళం తలుపుకి బిగించినవాడిది తప్పు. దుకాణం మూయిస్తారట. కేసు పెడతారట. పెట్టనీ.

నేను పూర్తిగా అబద్ధం కూడా ఆడలేదు తల్లీ. ముప్ఫై ఏళ్ళుగా బయటి నుంచి వచ్చేవాడి గురించే ఆలోచించాను. కింద అంత దూది కళ్ళారా చూసి కూడా, దొంగ దాని మీద కాలు పెట్టి ఎక్కుతాడా అని చూశానే తప్ప, ఇంకోటి తోచలేదు. ఆ పిల్ల నలుగురున్న గదిలో ఉండాల్సింది. అది మానిపించింది నా పిచ్చే. ఇప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను.

ఆ మేకు మీదిది ఏమైందని నేను అడగను. నువ్వు ఎవరితోనూ అనకు. నాకు యాభై ఎనిమిది, ఇంకెన్ని తాళాలు చేస్తాను? నీకు ఇంకా మొదటి సంవత్సరమే. వసతి ఆఫీసు వాళ్ళు మళ్ళీ ఫారం ఇస్తే ఏ గడి కావాలంటే అది పెట్టుకో, నేను నోరెత్తను.

మీ నాన్న


పెద్ద హాస్టలు, కింది అంతస్తు,
అక్టోబరు 27

నాన్నా,

నీ ఉత్తరం చింపలేదు.

గుమాస్తా ఆవిడ ఫారం తనే పట్టుకుని నా మంచం దగ్గరికి వచ్చింది. మొదటి గడిలో తనే టిక్కు పెట్టి నా చేత సంతకం చేయించింది. గదిలో ముగ్గురున్నారు, నాలుగోది నేను. ఎవరూ నన్నేమీ అడగరు. అడిగితే బావుండునని ఉంది.

మొన్న నిచ్చెన వాళ్ళమ్మ పుస్తకాల కోసం వచ్చింది. మసి పట్టినవి నేను తుడిచి కట్ట కట్టి ఉంచాను. తీసుకుని వెళ్ళిపోతుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుంది. "మీ నాన్న ఒక్కటే చేశానని సంతకం పెట్టాడట. రెండోది నా కళ్ళ ముందే మేకుకి తగిలించాడు కదమ్మా. ఎందుకలా చెప్పాడు?" అంది. ఈ సంగతి విచారణలో చెప్పలేదట. ముందు నన్నడగాలనుకుందట. "ఆ మేకు మీదిది ఏమైంది?" అంది.

చెప్పాను నాన్నా. ఆవిడకి చెప్పింది నీకు చెప్పకుండా ఉంటే నేను మనిషినే కాను, అందుకని రాస్తున్నాను.

తిరిగేది ఆగస్టులో లైబ్రరీ బల్ల మీద మర్చిపోయాను. వెనక్కి వెళ్ళేసరికి లేదు. నీకు రాద్దామని మూడుసార్లు కూర్చున్నాను. ఊళ్ళో ఎవరి చెవి పోయినా "మనిషివేనా, తల ఎందుకు పోగొట్టుకోలేదు" అని నువ్వు తిట్టే తిట్లు నాకు తెలుసు. తాళాలాయన కూతురు తాళంచెవి పోగొట్టుకుందంటే సిగ్గుతో చచ్చిపోతాననిపించింది. సిగ్గుతో ఎవరూ చావరని ఇప్పుడు తెలిసింది. నిచ్చెన "రాయవే, మీ నాన్నేమీ తినేయడు" అంటూనే ఉంది. సెలవుల్లో ఇంటికెళ్ళినప్పుడు మెల్లిగా చెప్తానన్నాను. అప్పటి నుంచి మేకు మీదిదే మాతో తిరిగేది. ఇంట్లో ఉంటే లోపలి నుంచి తాళానికే పెట్టి ఉంచేవాళ్ళం. నువ్వు గీసి పంపమన్నప్పుడు ఒక్కదాన్నే రెండుసార్లు గీసి పంపాను.

ఆ రోజు తను మాత్ర వేసుకుని ఒళ్ళు తెలియకుండా పడుకుంది. లేపాలనిపించలేదు. దుకాణం వాళ్ళు డాబా మీదికి పోతూ వస్తూ ఉంటారు, తలుపు తీసి పోలేను. నిద్రపోయే మనిషిని తీసిన తలుపు వెనక వదలకూడదని నువ్వే నేర్పావు. బయటి నుంచి తాళం వేశాను. రెండు గంటల్లో వచ్చేస్తాను కదా అనుకున్నాను. మెట్లు దిగుతూ ఒకసారి ఆగాను కూడా. ఆగి, పరీక్షకి ఆలస్యమవుతుందని దిగిపోయాను. దాన్ని చంపింది నేనే నాన్నా. చుట్టూ తిప్పి చెప్పడానికి ఇంకేమీ లేదు.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను, కొడుతుందనుకున్నాను. కొడితే బావుండేది. ఆ పుస్తకాల కట్ట ముడి విప్పి మళ్ళీ బిగించింది. తర్వాత, "ఒక్క ఉత్తరం ముక్క రాస్తే సరిపోయేది కదమ్మా, ఇంకోటి చేసి పంపేవాడు కదా మీ నాన్న" అంది. అంతే. లేచి వెళ్ళిపోయింది.

నేను తిన్నగా విచారణ అధికారి దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నీ మాటా నా మాటా పొసగడం లేదని వచ్చే నెల రెండో సోమవారం మనిద్దరినీ రమ్మన్నాడు. నన్నేం చేస్తారో తెలియదు. చదువు ఉంటుందో పోతుందో తెలియదు. నువ్వు రెండు చేశానని చెప్పు చాలు. నీ మీద దొంగ సాక్ష్యం మచ్చ వద్దు. నిన్ను ఇంతకంటే ఎక్కువ ముంచలేను.

నీ అమ్మలు


దుకాణం,
అక్టోబరు 30

అమ్మలూ,

అక్షరాలు అలుక్కుపోయినా నీ ఉత్తరం చదవగలిగాను. సోమవారం వస్తాను. రెండు చేశానని చెప్తాను. కానీ అది కూడా అబద్ధమే అవుతుంది. మూడు చేశాను.

సెప్టెంబరులో నువ్వు పంపిన బొమ్మలు చూడగానే తెలిసింది. రెండు చెవులు ఎంత జాగ్రత్తగా చేసినా ఆకురాయి ఒక్కోదాని మీద ఒక్కో గీటు పెడుతుంది, కవల పిల్లల్ని తల్లి గుర్తుపట్టినట్టు నేను గుర్తుపడతాను. నువ్వు పంపింది ఒకటే పిల్ల, రెండుసార్లు. పోగొట్టుకున్నావని అర్థమై నవ్వుకున్నాను. ఆ సాయంత్రమే కూర్చుని మూడోది చేశాను. కవర్లో పెట్టి నీ చిరునామా కూడా రాశాను.

పంపలేదు.

నువ్వు నీ నోటితో చెప్పాలనుకున్నాను. నా కూతురు నా దగ్గర దాచిందే అని పౌరుషం వచ్చింది. చెప్పేదాకా చూద్దాం, చెప్పగానే నాలుగు తిట్టి, ఏడిపించి, అప్పుడు పంపుదాం అనుకున్నాను. రాయాలనిపిస్తే రాయి అని అందుకే రాశాను. ఇరవై రోజులు ఆ కవరు నా సొరుగులోనే ఉంది. రోజూ పొద్దున్నే దుకాణం తీస్తూ టపా వచ్చిందేమో చూసేవాణ్ణి. నువ్వు రాయనందుకు ఒళ్ళు మండేది. మేకు ఖాళీగా ఉంటుందని నా బుర్రకి తట్టకపోలేదు. తట్టింది. ఇద్దరూ కలిసే తిరుగుతారు కదా, ఏమవుతుందిలే అనుకున్నాను. జ్వరం వస్తుందనుకోలేదు.

నువ్వు పద్దెనిమిదేళ్ళ పిల్లవి, సిగ్గుపడి దాచావు. నాకేమైంది? ఒక స్టాంపు అంటించి డబ్బాలో వేయడానికి నాకేం రోగం వచ్చింది?

మొన్న నీ కోసం అబద్ధం ఆడుతున్నానని గొప్పగా రాశాను. నీ కోసమే కాదు తల్లీ. ఒక్కటే చేశానంటే ఇక మూడోదాని గురించి ఎవరూ అడగరు. మేకు మీదిది ఏమైందని నేను అడగను అన్నాను చూడు, నాకు తెలుసు కాబట్టే అడగలేదు.

ఆ తల్లి నీతో, రాస్తే పంపేవాడు కదా అందట. నువ్వు రాయకుండానే నా దగ్గర తయారుగా ఉందని ఆమెకి తెలియాలి. అది నువ్వు చెప్పే మాట కాదు, విచారణలో ఎవరో చదివితే ఆమె వినాల్సిన మాట కూడా కాదు. ఆదివారమే బయల్దేరి ముందు ఆమె ఇంటికి వెళ్తాను. నాకు వినపడదు కాబట్టి ఆమె ఏమన్నా కాగితం మీద రాయాల్సి వస్తుంది, అదొక్కటే బాధగా ఉంది. ఊరికే తిట్టేసి పంపే వీలు కూడా లేదు పాపం ఆమెకి.

ఆమె ఇంటికి ఏ బస్సు ఎక్కాలో, ఎక్కడ దిగాలో కాస్త వివరంగా రాసి వెంటనే పంపు.

మీ నాన్న